సర్మిల చేతి దారం

శ్రావణ పున్నమికి మణికట్టున కట్టించుకున్న దారాన్ని దీపావళినాడు ఆవు తోకకి కట్టాలి. చచ్చాక ఆ ఆవే వైతరణి దాటిస్తుంది. జుమ్లా కొండల్లో సర్మిలకి బామ్మ నేర్పిన మాట అది. కాఠ్మాండూలో పదిహేడేళ్లలోపు ఆడపిల్లల దక్షిణాసియా ఫుట్‌బాల్ పోటీలో, భూటాన్‌తో ఆటకి ముందు సర్మిల ఆడే నేపాల్ జట్టుని వరసలో నిలబెట్టి చేతులు చూసిన శ్రీలంక రిఫరీకి ఆ మాట ఎవరూ నేర్పలేదు. దారం తీసెయ్యమని సర్మిలకి సైగ చేసింది.

"కత్తెర తెండి," అంది కోచ్.

"తెంపితే పాపం, మిస్!"

"అయితే విప్పి ఎక్కడో చోట కట్టి తగలడు!"

సర్మిల పళ్లతో ముడి విప్పి, ముందు నిలబడ్డ కెప్టెన్ దావా జడ కొసకి కట్టేసింది.

"నన్ను ఆవుని చేశావేంటే?" అంది దావా.

"కదలకు. తోక ఊపకు."

ఆట ఒక్క గోలు తేడాతో పోయింది. ఆఖరి నిమిషంలో దొరికిన పెనాల్టీని దావా గోలు మీదుగా జనంలోకి తన్నింది.

సాయంత్రం ఫోన్లో బామ్మ ఆట సంగతి ఎత్తలేదు, దారం సంగతే అడిగింది. సర్మిల దాచకుండా చెప్పింది.

"టీవీలో చూశాన్లే ఆ పిల్లని," అంది బామ్మ. "ముందు దారం విప్పి తెచ్చుకో. భూటాన్‌నే దాటించలేనిది, నిన్ను వైతరణి ఏం దాటిస్తుందే!"