మణికట్టు మీద వేలు

నా నోరు మంచిది కాదని ఈ ప్రసూతి వార్డులో గోడలకు కూడా తెలుసు. ట్రైనింగ్‌కు వచ్చే అమ్మాయిలు నాకు ఉరుము సిస్టర్ అని పేరు పెట్టారు. నాకు తెలియదనుకుంటారు గానీ, నా చెవులు బాగానే పనిచేస్తాయి. ఇరవై ఆరేళ్లుగా అన్నం పెడుతున్నవి ఆ చెవులే. బిడ్డ గుండె చప్పుడు వినపడగానే, గడియారం చూడకుండా నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటుందో చెప్పేస్తాను. ఆ పొగరే కొంప ముంచింది. నా కొంపైనా బాగుండేది, ఇంకొకరిది ముంచింది.

కొత్త బ్యాచ్ వచ్చిన ప్రతిసారీ మొదటి రోజు ఒకటే పాఠం చెబుతాను. బిడ్డ గుండె వినేటప్పుడు ఒక చెయ్యి కడుపు మీద పెట్టే యంత్రాన్ని పట్టుకుంటే, రెండో చేతి వేళ్లు తల్లి మణికట్టు మీద ఉండాలి. తల్లి నాడి, యంత్రంలో వినపడే చప్పుడు వేరువేరుగా నడిస్తేనే అది బిడ్డది. రెండూ కలిసి నడిచాయంటే మీరు వింటున్నది తల్లి గుండెనే. జ్వరం ఉన్న తల్లి గుండె కూడా బిడ్డ గుండెంత వేగంగా కొట్టుకుంటుంది. ఎవరైనా మరిచిపోతే, ఆ రెండో చెయ్యి ఇంట్లో వదిలేసి వచ్చావా తల్లీ అని అందరి ముందూ కడిగి పారేస్తాను.

ఆ రోజు పొద్దున ఏడింటికి నేను డ్యూటీ ఎక్కేసరికి మూడో నంబరు మంచం మీద అప్పుడే చేరిన ఒక అమ్మాయి ఉంది. తొలి కాన్పు. దర్జీ దుకాణంలో కుట్టుపని చేస్తుందట. భర్త లారీ మీద ఎక్కడో ఉన్నాడు, సాయంత్రానికి గానీ రాడు. తోడు వచ్చింది అక్క. ఆవిడ బస్సు కండక్టరు. ఆవిడ గొంతు ముందు నా ఉరుము ఏ మూలకీ చాలదు.

బిడ్డ కదులుతోందా అని అడిగాను. నొప్పుల్లో ఏమీ తెలియడం లేదంది ఆ పిల్ల. ఒళ్లు కాస్త వెచ్చగా తగిలింది. థర్మామీటర్ పెడితే నూటొకటి. డాక్టరమ్మకు చెప్పాను, సెలైన్‌లో మందు ఎక్కించాం. ఇంతవరకు నేను చేసినదాంట్లో వంక పెట్టడానికి లేదు.

తర్వాత కడుపు మీద యంత్రం పెట్టాను. గది నిండా టకటకమని చప్పుడు. నూట ముప్పై రెండు అన్నాను. ఆ పిల్ల ముఖం వెలిగిపోయింది. నేను కుట్టుమిషన్ కూడా ఇంత జోరుగా తొక్కను సిస్టర్ అని నవ్వింది. పుట్టకముందే ఎక్కడికిరా ఆ పరుగు, టికెట్టు తీసుకున్నావా అని అక్క కడుపుతో పరాచికాలాడింది. నేనూ నవ్వాను.

ప్రతి అరగంటకూ విన్నాను. నూట ఇరవై ఎనిమిది, నూట ముప్పై నాలుగు, నూట ముప్పై. కేసు షీటులో వరసగా రాసుకుంటూ పోయాను. మరి నా రెండో చెయ్యి? అది ఆ పిల్ల చేతిలో ఉంది. నొప్పి వచ్చినప్పుడల్లా దాన్ని గట్టిగా పట్టుకుని ఊపిరి బిగబట్టేది. ఆ పిల్ల నాడి కొట్టుకునే చోటుకూ నా వేళ్లకూ మధ్య రెండంగుళాల దూరం లేదు. విడిపించుకుంటే ఏమనుకుంటుందో పాపం అనుకున్నాను. అయినా నా చెవులున్నాయి కదా అనుకున్నాను.

మధ్యాహ్నం రెండింటికి దారి పూర్తిగా తెరుచుకుంది. అప్పటికే పిల్ల సగమైపోయింది. ముక్కమంటే కాసేపు ముక్కి తల వాల్చేసేది. నాకు ఒళ్లు మండింది. లోపల వాడు అవస్థ పడుతుంటే ఇలా వదిలేస్తావేంటి, వాడి ప్రాణం నీ చేతుల్లో ఉంది అని కేకేశాను. ఆ మాట ఎంతమందిని అన్నానో లెక్కలేదు. అంటే రోషం వచ్చి ముక్కుతారు. ఆ పిల్ల కూడా పళ్లు బిగించి ముక్కింది.

మూడు కావస్తుండగా బిడ్డ నా చేతుల్లోకి వచ్చాడు. ఏడవలేదు. తుడుద్దామని గుడ్డ వేస్తే భుజం మీది చర్మం గుడ్డతో పాటు ఊడి వచ్చింది. అంతే, ఇక నాకు ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేదు. చర్మం అలా జారిందంటే బిడ్డ కడుపులో పోయి ఒక రోజు దాటినట్టే. బొడ్డు కోసి బిడ్డను డాక్టరమ్మకు ఇచ్చి, ఆ పిల్ల మణికట్టు పట్టుకున్నాను. నూట ముప్పై రెండు. పొద్దున్నే బిడ్డదని నేను మొదట చెప్పిన అంకె అదే.

డాక్టరమ్మ నన్ను చేతులు కడిగే తొట్టి దగ్గరికి పిలిచింది. పొద్దున్నుంచీ నేను విన్నది తల్లి గుండెనని చెప్పాను. ముందే తెలిసినా బిడ్డ దక్కేవాడు కాదు సిస్టర్ అంది. జరిగింది జరిగినట్టు పైకి రాయక తప్పదని, ఆ సంగతి ఇంటివాళ్లకు మాత్రం ఇవాళే చెప్పొద్దని, కాస్త కుదుటపడ్డాక చూద్దామని అంది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ పిల్ల మీద జాలితో అనుకునేరు. నా పరువు ఇంకో నాలుగు రోజులు నిలబడుతుందని.

బిడ్డను మెత్తటి గుడ్డలో చుట్టి తీసుకెళ్లి తల్లి పక్కన పెట్టాను. చక్కటి ముక్కు, నుదుటి మీదికి పడ్డ జుట్టు. ఆ పిల్ల ఏడవలేదు. నా ముఖంలోకి చూసి అడిగింది.

"నేను సరిగ్గా ముక్కలేదు కదా, సిస్టర్?"

నేను నోరు తెరిచేలోపు అక్క భోరుమంది. "ఎంత చెప్పామే నీకు! వాడి ప్రాణం నీ చేతుల్లో ఉందని సిస్టర్ కూడా చెప్పింది కదే!"

ఆవిడ పగతో అన్న మాట కాదు, కడుపుమంటతో అంది. కానీ ఆ పిల్ల రెండు చేతులూ దుప్పటి మీద పెట్టుకుని వాటి వంకే చూస్తూ ఉండిపోయింది. నా మాటే అది. నాలుగు రోజులు ఆగి చెబితే ఆ నాలుగు రోజులూ ఆ చేతుల్ని అలాగే చూసుకుంటుంది. ఛీ, నా పరువు ఎవడికి కావాలి అనిపించింది.

మంచం అంచున కూర్చున్నాను. "తల్లీ, ఇటు చూడు. నువ్వు ఈ ఆసుపత్రి మెట్లెక్కకముందే వాడు పోయాడు. నువ్వు ఎంత ముక్కినా, ముక్కకపోయినా ఒకటే. నీ తప్పు ఇసుమంత కూడా లేదు."

"మరి పొద్దున్నుంచీ విన్నాం కదా?"

"అది నీ గుండె. నీ నాడి పట్టుకుని చూసుంటే అప్పుడే తెలిసేది. చూడలేదు. తప్పు నాది. నిన్నన్న ఆ మాట అంతకన్నా తప్పు."

అక్క లేచి నిలబడింది. తిడుతుందని, కొట్టినా కొడుతుందని కాచుకుని కూర్చున్నాను. బస్సంతా దద్దరిల్లే ఆ గొంతు పైకి రానేలేదు. పొద్దున్నే తెలిస్తే బతికేవాడా అని మాత్రం అడిగింది. బతికేవాడు కాదమ్మా, కానీ మీరు పొద్దున్నుంచీ వాడితో కబుర్లు చెబుతూ కూర్చునేవాళ్లు కాదు అన్నాను. ఆవిడ వచ్చి చెల్లెలి తల తన పొట్టకు ఆనించుకుంది. నిన్ను అనకూడని మాట అన్నానే అని ఏడ్చింది.

చాలాసేపటికి ఆ పిల్ల బిడ్డ ముఖం మీంచి చూపు తిప్పి, కుడిచెయ్యి నా ముందుకు చాచింది.

"ఇప్పుడు చూడండి, సిస్టర్."

వేళ్లు మణికట్టు మీద పెట్టాను. ఈసారి గడియారం చూస్తూ నిమిషం నిండేదాకా లెక్కపెట్టాను. నూట ఇరవై ఆరు అని చెప్పాను.

"వాడిది కూడా ఇంత వేగంగానే కొట్టుకునేదా?"

"ఇంతే, తల్లీ. ఇలాగే కొట్టుకునేది," అన్నాను. ఇరవై ఆరేళ్లలో మొదటిసారి ఒక తల్లి ముందు కూర్చుని ఏడ్చాను. ఆ పిల్ల తన చెయ్యి వెనక్కి తీసుకోలేదు.