కుడివైపు మూత

మా ఆయన జీవితంలోకి నాకంటే ముందు ఒక కారు వచ్చింది. పెళ్ళినాటికే అది పాతది, ఇప్పుడు జనం ఆగి చూసేంత పాతది. మామూలప్పుడు దాని హెడ్‌లైట్లు కనిపించవు. వాటి మీద రెండు మూతలుంటాయి, స్విచ్ నొక్కితే అవి పైకి లేచి దీపాలు బయటపడతాయి. ఆ మూతలను చూసి మా తమ్ముడు ఏళ్ళ తరబడి చొంగ కారుస్తున్నాడు. కారు ఇచ్చేయమని అడిగినప్పుడల్లా మా ఆయన నవ్వి ఊరుకుంటారు.

నిరుడు చలికాలం నుంచి, చీకటి పడితే రోడ్డు కనిపించడం లేదని ఆయన అనడం మొదలుపెట్టారు. తప్పు బల్బులదన్నారు. మార్చారు. తర్వాత దీపాల అద్దాలదన్నారు. అవీ మార్చారు. ఆ తర్వాత వైర్లు. సాయంత్రాలు నన్ను టైలరింగ్ షాపు నుంచి తీసుకురావడం మానేశారు కాబట్టి నేను బస్సెక్కుతున్నాను. బస్సులో నిలబడి నిలబడి ఒకరోజు ఇక నా నోరు ఊరుకోలేదు. ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది మీ సంగతి, అన్నాను. సరదాకే అన్నాను. ఆయన కంచం ముందు నుంచి లేచిపోయారు. అలిగారనుకున్నాను.

మర్నాడు అసలు దొంగ దొరికిందని ప్రకటించారు. మూతలట. అవి ఇంజిను పీల్చే గాలితో లేస్తాయట. ఆ గాలి వెళ్ళే రబ్బరు గొట్టాలు చీకిపోయి, మూతలు సగంలోనే ఆగి వెలుతురుకి అడ్డం పడుతున్నాయట. గాలి గొడవ తీసేసి అటొకటి ఇటొకటి వైపర్ మోటర్లు పెడితే చచ్చినట్టు లేస్తాయన్నారు. ఆయన చేసేది నీళ్ళ పంపుల మరమ్మతు, మోటరంటే ప్రాణం. నేను కాదనలేదు. అప్పుడే ఇంకో మాట కూడా అన్నారు.

"ఈసారీ రోడ్డు కనిపించకపోతే కారు మీ తమ్ముడికి ఇచ్చేస్తాను."

ఈ సంగతి తమ్ముడి చెవిన వేయలేదు. వేస్తే ఆ పూటే వచ్చి షెడ్డు ముందు కూర్చుంటాడు. పైగా ఆ కారు పోవడం నాకూ ఇష్టం లేదు. మా ఆయన ఈల వేసేది అందులో కూర్చున్నప్పుడు మాత్రమే.

సెలవు రోజులన్నీ షెడ్డులోనే గడిచాయి. పాత గొట్టాలు పీకేశారు. మోటరుకి ఇనప కడ్డీ బిగించి, దాని రెండో కొసను మూతకు తగిలించారు. మొదటిసారి మూత లేచింది కానీ ఆగలేదు, టపటపా కొట్టుకుంటూనే ఉంది. రెండోసారి అసలు కదల్లేదు. మధ్యలో ముక్కాలిపీట కాలికి తగిలితే దాన్ని బయట పడేశారు. తలుపు అంచు భుజానికి కొట్టుకుంటే ఇంత ఇరుకుగా కట్టిన మేస్త్రీని తిట్టారు. ఆ తలుపు మేం ఈ ఇంట్లోకి వచ్చినప్పటి నుంచీ అంతే ఉంది.

మొన్న ఆదివారం పొద్దు వాలుతుండగా నన్ను పిలిచారు. బల్బులు ఇంకా బిగించలేదు, ముందు మూతలు చూడమన్నారు. పొడుగాటి వైరుకు తగిలించిన స్విచ్ చేత్తో పట్టుకుని కారు ముందుకు వచ్చి, ఎడమ దీపం దగ్గర నా పక్కనే నిలబడ్డారు. నొక్కారు. ఎడమవైపు మూత నెమ్మదిగా లేచి, బుద్ధిగా ఆగింది. కుడివైపుది కదల్లేదు.

"చూశావా, రెండూ ఒక్కసారే లేచాయి," అన్నారు. మొహం వెలిగిపోతోంది.

వేళాకోళమనుకున్నాను. కానీ నన్ను ఆటపట్టించేటప్పుడు ఆయన మొహం ఎలా ఉంటుందో నాకు తెలుసు. అలా లేదు.

"కుడివైపుది లేవలేదండీ."

ఆయన అటు తిరిగి కొంచెంసేపు చూశారు. తర్వాత చేయి చాపి, కారు ముందు భాగాన్ని తడుముకుంటూ వెళ్ళి, మూసి ఉన్న మూత మీద అరచెయ్యి ఆనించారు. చాలాసేపు తియ్యలేదు.

"మా నాన్నకీ ఇలాగే మొదలైంది," అన్నారు.

ఇన్నాళ్ళూ దాచినందుకు నాకు కోపం రావాలి. రాలేదు. భయమేసింది. మా మామగారు నేను కాపురానికి వచ్చాక ఆరేళ్ళు బతికారు. నా అడుగుల చప్పుడు గుర్తుపట్టి, నేను పలకకముందే అమ్మాయీ అని పిలిచేవారు. నన్ను ఒక్కసారి కూడా చూడలేదు.