పదిహేడు రోజుల రుచి

పొద్దున్నే గొంగళిపురుగుల పెట్టెలు తుడిచి, ఎండిన ఆకులు తీసి కొత్తవి వెయ్యడం పురుగులావిడ పని. అడవి అంచున చిమ్మటలను పరిశోధించే ఆ చిన్న కేంద్రంలో పదకొండేళ్ళుగా అదే చేస్తోంది. పెట్టెలో పురుగు ఏ ఆకు తింటే ఆ రుచి ఆవిడ నోట్లోకి వచ్చేది. పురుగు గూడు కట్టుకుని పడుకున్నా చివరి ఆకు రుచి నాలుకను వదిలేది కాదు. రెక్కలొచ్చి తేనెనీళ్ళు తాగితే నోరంతా తీపి. ఇవాళ చేదా వగరా అని ఆవిణ్ణి అడిగి, అక్కడ పరిశోధన చేసే మేడమ్ నోటుపుస్తకంలో రాసుకునేది.

దీనివల్ల నష్టపోయింది ఆవిడ మొగుడొక్కడే. అక్కడే వంటమనిషి. అతని చేతివంట అందరూ లొట్టలేసుకుంటూ తినేవాళ్ళు. పెళ్ళాం మాత్రం పెట్టింది తిని, కంచం కడిగి పోయేది. ఎలా ఉందంటే ఆకులా ఉందనేది. పాపం, అబద్ధమాడడం ఆవిడకి చేతకాదు. బాగుందని అనకపోయినా, బాగాలేదని ఒక్కసారి తిట్టినా చాలని అతని కోరిక. ఇంత చిన్న కోరిక తీరకపోతే మనిషికి ఎంత దిగులో అతన్నే అడగాలి.

ఆ ఏడు మేడమ్‌కి పోల్చుకోలేని గొంగళిపురుగులు దొరికాయి. మిగతావన్నీ అడవిలో వదిలేసి వాటినే పెంచారు. అవి తెగ తిని, లావెక్కి, గూళ్ళు కట్టుకున్నాయి. ఒక ఉదయం బూడిదరంగు చిమ్మటలు బయటికొచ్చాయి. ఎంత బతిమాలినా తేనెనీళ్ళు ముట్టుకోలేదు. పేరు తేలకుండానే చచ్చిపోతాయేమోనని మేడమ్ బెంగపడింది.

మధ్యాహ్నం పురుగులావిడ భోజనానికి కూర్చుంది. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయింది.

"కూరలో ఉప్పెక్కువైంది," అంది.

వంటమనిషి గరిటె కింద పెట్టేసి, ఆ పక్కనే కూలబడి ఏడ్చాడు. ఆవిడ ఇంకో ముద్ద తిని, ఎంగిలిచేత్తోనే మేడమ్ దగ్గరికి నడిచింది.

"తేనె తీసెయ్యండి మేడమ్. నా నోట్లో ఆకు రుచి పోయింది. వాటికి నోరే లేదు."

మేడమ్ భూతద్దం పెట్టి చూసింది. నిజమే, చిన్నప్పుడు తిన్నదే వాటికి బతుకంతా తిండి. ఇన్నాళ్ళూ తప్పు అధ్యాయంలో వెతుకుతున్నానని నవ్వుకుంటూ చిమ్మటల పేర్ల పుస్తకం తిప్పితే, నోరు లేనివాటిలో పేరు దొరికింది.

గుమ్మంలో నిలబడి వంటమనిషి అడిగాడు, ఇవి ఎన్నాళ్ళుంటాయని. వారం బతుకుతాయంది మేడమ్. గుడ్లు పెట్టి పోతాయి, అవి పురుగులై ఆకు ముట్టడానికి ఇంకో పది రోజులు. మళ్ళీ ఏడాదీ ఇవే పెంచుదామని కూడా అంది.

అతను వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుని పెళ్ళాం వైపు తిరిగాడు.

"రాత్రికేం వండమంటావ్?"

ఆ మాట ఆవిణ్ణి ఎప్పుడూ ఎవరూ అడగలేదు.

"అదే కూర. ఉప్పు చూసి వెయ్యి."