చింతగింజల ఫ్లెక్సీ

నేను ఒక ఫ్లెక్సీని. పదడుగుల పొడవు, ఆరడుగుల ఎత్తు. సొంత అభిప్రాయం మాత్రం అంగుళం కూడా లేదు. మదనపల్లెలో మస్తాన్ దుకాణంలో పుట్టాను. మనుషులకు పుట్టాక పేరు పెడతారు. మాకు పేరు పెట్టాకే పుట్టుక. నా పేరు ‘మేధో సంపత్తి హక్కులపై అవగాహన సదస్సు’. ఊరి బయట ఇంజనీరింగ్ కాలేజీవాళ్ళు చేయించారు.

నా నిండా ఒక యంత్రం బొమ్మ రావాలి. చింతపండులో గింజలు తీసే యంత్రం. చేసింది మెకానికల్ చివరి ఏడాది చదివే నాగవేణి. వాళ్ళమ్మ రమణమ్మ కూలికి చింతకాయలు తెచ్చుకుని రోజంతా సుత్తితో కొడుతుంది. ఆ చప్పుడు ఆపాలని నాగవేణి గింజల కోసం తెగ గింజుకుని, చివరికి వంకర పళ్ళ చక్రం ఒకటి కనిపెట్టింది. గుజ్జును పట్టుకుని గింజను వదిలేసే చక్రం. దానికి పేటెంట్ తెచ్చుకోవాలని పిల్ల ఆశ.

“అన్నా, ఆ చక్రమే అసలుది. బాగా కనపడేట్టు వెయ్యన్నా” అని మస్తాన్‌ను బతిమాలి వెళ్ళింది.

ఆ వెనకే విభాగాధిపతి మునిరత్నం సార్, కాలేజీ కరస్పాండెంట్ చెంగల్రాయులు గారి ఫొటో పట్టుకొచ్చారు.

“తావు లేదు సార్. బొమ్మను తగ్గించేదా, సారును తగ్గించేదా?” అన్నాడు మస్తాన్.

“సారును తగ్గిస్తే నన్ను తీసేస్తారప్పా!”

అలా కరస్పాండెంట్ గారు నా నట్టనడుమ వెలిశారు. యంత్రం ఆయన రెండు చెవుల వెనక నుంచి తొంగిచూసింది. చక్రం ఆయన బుగ్గ కిందికి పోయింది.

సదస్సు రోజు వేదిక మీద చప్పట్ల మధ్య నన్ను ఆవిష్కరించారు. ఆవిష్కరణ మాత్రం ఎవరికీ కనపడలేదు. నాగవేణి కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

ఉపన్యాసానికి వచ్చిన పేటెంట్ ఏజెంట్ సుభాషిణి మేడం మైకు అందుకుంది. “మీరు కొత్తది ఏది కనిపెట్టినా, ముందు దరఖాస్తు పెట్టండి. ఆ తర్వాతే నలుగురికీ చూపించండి. ముందే చూపించేస్తే అది కొత్తది కాదంటారు, పేటెంట్ రాదు.”

నాగవేణి కన్నీళ్ళు ఠక్కున ఆగిపోయాయి. లేచి నిలబడింది.

“మేడం, మరి మీ ఎనకాల ఉండేది?”

మేడం వెనక్కి తిరిగింది. హాలంతా నన్నే చూసింది. ఇంతమంది ఒకేసారి శ్రద్ధగా నన్ను చూడడం అదే మొదలు.

“అవగాహన కోసమని పెట్టినాం మేడం” అన్నారు మునిరత్నం సార్.

“ఇందులో కొత్త భాగం ఏదమ్మా?”

నాగవేణి వేదికెక్కి, కరస్పాండెంట్ గారి ఎడమ బుగ్గ మీద వేలు పెట్టింది. “ఈయన కింద ఉండాది మేడం.”

మేడం నా దగ్గరికొచ్చి, ఆ బుగ్గను అటూ ఇటూ పరిశీలించింది. “ఏమీ కనపడట్లేదు. బతికిపోయావు. ఇంకెవరు చూశారు?”

చూసింది మునిరత్నం సారూ, మస్తానూ. మేడం చెప్పగా సార్ అక్కడికక్కడే మస్తాన్‌కు ఫోన్ చేసి, ఫైలు తుడిపేసి ఎవరికీ చెప్పొద్దన్నారు. “నేనేం చూసినా సార్? సారు మీసం నల్లగా చేసేదాంట్లోనే ఉంటి గదా!” అన్నాడు మస్తాన్.

మధ్యాహ్నం జరగాల్సిన యంత్ర ప్రదర్శన రద్దయింది. ముందు వరసలో కూర్చున్న చెంగల్రాయులు గారికి సంగతి అర్థమయ్యేసరికి కాస్త ఆలస్యమైంది.

“అంటే నా తలకాయే కాపాడిందంటావా?”

“మీ తలకాయే సార్” అన్నారు మునిరత్నం సార్, చాలా జాగ్రత్తగా.

“అందుకే నేను చెప్పేది, ఫొటో పెద్దదిగా ఉండాలని.”

దరఖాస్తు పెట్టేదాకా వర్క్‌షాపులో యంత్రం మీద నన్నే కప్పారు. ఆ తర్వాత నాగవేణి యంత్రంతో పాటు నన్నూ ఇంటికి తీసుకుపోయింది. పేటెంట్ ఇంకా రాలేదు, ఎదురుచూస్తోంది. సుత్తి మాత్రం గూట్లోకి చేరింది. ఇప్పుడు నన్ను యంత్రం కింద పరిచి రమణమ్మ పిడి తిప్పుతుంది. గుజ్జు గంపలో పడుతుంది. గింజలు కరస్పాండెంట్ గారి నుదుటి మీద పడతాయి, ఒక్కొక్కటే, అక్షింతల్లా. ఆయన నవ్వుతూనే ఉంటారు.