రాజక్క గుండె గీతలు

సమ్మె శిబిరంలో వంటావార్పు పేరు వేణుది. ముప్పై మందికి ఉల్లిగడ్డలు తరగడం మాత్రం భార్య ఊర్మిలది. సకల జనుల సమ్మెతో బడి మూతపడి పంతులు వేణు ఇంట్లోనే ఉన్నా, పొయ్యి దగ్గరికి వచ్చింది లేదు. "గీతలు చూసుడు గూడ ఒక నౌకరేనా? మానెయ్యరాదు" అన్నాడు పొద్దున. అత్త ఎల్లవ్వ ముసిముసిగా నవ్వింది.

జగిత్యాలలో ఒక ప్రైవేటు గుండె ఆస్పత్రిలో ఊర్మిల టెక్నీషియన్. గుండె లయ తప్పితే షాక్ కొట్టి బతికించే మిషన్ ఛాతీలో పెట్టించుకున్నవాళ్లు వస్తే, అందులో దాగిన రికార్డును కాగితం మీదికి తీసేది ఆమె.

ఆరోజు కోరుట్ల నుంచి బీడీలు చుట్టే రాజక్క వచ్చింది. వారంలో మూడు షాకులట. "రొమ్ముల పిడుగు వడ్డట్టయితది బిడ్డా" అంది.

"ఉత్త నకరాలు మేడం. పని చెప్పంగనే మొదలువెడ్తది" అన్నాడు ఆమె భర్త గంగారాం.

డాక్టరు కాగితం పైపైన చూశాడు. "గుండె ఉరికింది, మిషన్ కాపాడింది. గోలీలు పెంచుదాం."

ఊర్మిలకు మింగుడుపడలేదు. ఏ మనిషి గుండే కొట్టుకోలేనంత దగ్గరగా, చిందరవందరగా ఉన్నాయి ఆ గీతలు. వాటి నడుమ అసలు గుండె తన మానాన తాను నిదానంగానే కొట్టుకుంటోంది. "సార్, మిషన్ నుంచి గుండెలకు పోయే తీగ తెగినట్టుంది. మిషన్ దాన్నే గుండె ఉరుకుడనుకుంటున్నది."

"గీతలు తీసుడు నీ పని. చదువుడు నాది."

ఇంట్లో విన్న మాటే, నోరు మారిందంతే. పదకొండేళ్లుగా ఈయన సంతకం పెట్టిన ప్రతి కాగితాన్నీ ముందు చదివింది ఎవరు? తను తప్పు పట్టుకున్న ప్రతిసారీ "మంచిగ చూసిన" అని ఆయనే చెప్పుకున్నాడు. తనేమో నోరు మూసుకుంది. ఇంట్లోనూ అంతే, ఇక్కడా అంతే. ఈసారి మూసుకుంటే నాలుగో షాకు పడేది రాజక్కకు.

డాక్టరు వార్డుకు వెళ్లగానే అడిగింది: "ఏం పని చేస్తుంటే కొడ్తదక్కా?"

"దండెం మీద బట్టలేసేటప్పుడు. గీ ముచ్చట ఎవ్వరు అడగలే."

షాకు పడకుండా ఆపే అయస్కాంతాన్ని రాజక్క ఛాతీ మీద పెట్టి, ఎడమ చెయ్యి పైకెత్తమంది. తెర మీద అవే పిచ్చి గీతలు. దించితే మాయం. మళ్లీ ఎత్తితే మళ్లీ అవే. గంగారాం తల దించుకున్నాడు.

పిలిపిస్తే వచ్చి చూసిన డాక్టరు తీగ తెగిందని, మార్చాలని హైదరాబాదు పెద్దాస్పత్రికి ఉత్తరం రాశాడు, తనే కనిపెట్టినట్టు. ఊర్మిల కలం తీసుకుని, తీగ తెగిందన్న వాక్యం పక్కన తన పేరు రాసి ఆయన ముందు పెట్టింది. ఆయన ఆమె ముఖంలోకి చూసి, సంతకం చేశాడు.

హైదరాబాదు చేరేదాకా అయస్కాంతం రాజక్క ఛాతీ మీదే ఉండాలి. అది ఉన్నంతసేపు గుండె నిజంగానే లయ తప్పినా మిషన్ కాపాడదు. తోవ పొడుగునా తెర చదవగలిగిన మనిషి పక్కన ఉండాలి. అంబులెన్సు ఎక్కుతుంటే వేణు ఫోను.

"హైదరాబాద్ పోతున్న."

"ఎవర్ని అడిగి?"

"అడుగుతలేను" అంది ఊర్మిల. "చెప్తున్న."