పెదాలు మాత్రం

చర్చి పాటల బృందానికి పియానో వాయించేది నేనే. అక్కడ నాకో మారుపేరుంది, శ్రుతిపెట్టె అని. ఎవరి గొంతు వెంట్రుకవాసి తప్పినా ఇట్టే పట్టేస్తానని. దేవుడిచ్చిన చెవులండీ అని పైకి అనేదాన్ని. నా చెవులు అని లోపల మురిసిపోయేదాన్ని.

పదకొండేళ్ల కిందట మా తోటికోడలు బృందంలో చేరింది. నా కుట్టుకొట్లో గుండీలు కుట్టేది తనే. తను గొంతెత్తిందంటే పాట పట్టాలు తప్పేది. మొదటి వారమే పక్కకు పిలిచాను.

"నువ్వు పెదాలు మాత్రం కదుపు. శబ్దం రానీకు."

"సరే అక్కా" అంది. అప్పటినుంచి ప్రతి ఆదివారం ముందు వరసలో నిలబడి పెదాలు మాత్రమే కదిపింది. బృందం నాకెంత లోబడి ఉందో అని గర్వపడ్డాను.

పోయిన చలికాలంలో లోకం మెత్తబడటం మొదలైంది. కుట్టుమిషను పత్తి మీద నడుస్తున్నట్టుండేది. కుళాయి నీళ్లు చప్పుడు లేకుండా జారేవి. డాక్టరు కాగితం మీద రాసి చూపించాడు, వినికిడి ఇక తిరిగి రాదని. ఇంట్లో చెప్పలేదు. పిలిస్తే పలకకపోవడం నా పొగరనుకున్నారు, అది వాళ్లకేం కొత్త కాదు. చెబితే పియానో ముందు కుర్చీ పోతుంది. అది పోతే నేనెవర్ని?

ఆదివారం వచ్చింది. నా వేళ్లకు పాట తెలుసు, బృందం ఎంతవరకు వచ్చిందో తెలియదు. తలెత్తాను. ఇన్ని నోళ్లు కదులుతున్నా ఏదీ అర్థం కాలేదు. ముందు వరసలో ఒక్క నోరు మాత్రం ప్రతి మాటనూ విప్పి చూపిస్తోంది. ఇన్నేళ్లు శబ్దం లేక పాటంతా ఆ పెదాల్లోకే చేరిందేమో. చెయ్యి పట్టుకుని వాగు దాటినట్టు ఆ పాట దాటాను. నాలుగు వారాలు అలాగే గడిచాయి.

ఐదో శనివారం తను గుండీల డబ్బా పక్కనపెట్టి నా ఎదుట కూర్చుంది. పెదాలు నెమ్మదిగా కదిపింది.

"నాకు తెలుసక్కా. భయపడకు. నన్నే చూస్తూ వాయించు. ఎవరికీ చెప్పను."

తల కొట్టేసినట్టయింది. రోజూ మోకరించి చెవులు తిరిగిమ్మని ప్రభువును అడుగుతున్నాను. నేను క్షమాపణ అడగాల్సిన మనిషి ఎదురుగానే ఉందని తోచనే లేదు.

మర్నాడు ఆరాధనకు ముందు లేచి, నాకు వినబడదని అందరికీ చెప్పాను. తన నోరు మూయించింది నేనేనని కూడా చెప్పాను. పియానో పాస్టరుగారి భార్యకు అప్పగించి, వచ్చి తన పక్కన నిలబడ్డాను.

"ఇవాళ నువ్వు పాడు. గట్టిగా."

"పాట చెడిపోతుందక్కా."

"చెడిపోనీ."

పాడింది. మెడ నరం ఉబ్బింది. వెనకామె మొహం చిట్లించింది. అవతల బల్ల మీద మా మరిది కళ్లు తుడుచుకున్నాడు. తన వీపు మీద చెయ్యి వేస్తే అరచేతికింద వణుకు తగిలింది.

ఆ గొంతు ఎలా ఉంటుందో గుర్తు తెచ్చుకోవాలని చూశాను. రాలేదు. పదకొండేళ్లు నాకు వినే చెవులున్నాయి, ఒక్క ఆదివారమైనా వినలేదు.