యజమాని కోరిక మేరకు

ఆ డిజైన్ ఆఫీసు పెట్టిన ఇరవై రెండేళ్ళలో అక్కడ ఒక్కరంటే ఒక్కరు తప్పు చేయలేదు. నమ్మకపోతే బీరువాలు తెరిచి చూసుకోవచ్చు. ప్రతి డ్రాయింగుకూ కుడివైపు కింద ఒక చిన్న గడి ఉంటుంది. ఒకసారి పంపిన డ్రాయింగును మళ్ళీ ఎందుకు మార్చవలసి వచ్చిందో అందులో రాయాలి. ఏది తెరిచినా ఒకటే మాట: ‘యజమాని కోరిక మేరకు’. పాపం, భవనాలు కట్టించుకునే ఆ యజమానులకు ఎన్ని కోరికలో. ఒకాయన ఉన్నట్టుండి లిఫ్టుకు అడుగున గుంత కావాలని ముచ్చటపడ్డాడట. ఇంకొకాయనకు నీళ్ళ ట్యాంకు కింద దూలం ఉంటే బాగుండుననిపించిందట. మసిపూసి మారేడుకాయ చేయడంలో ఆ ఆఫీసుకు సాటి లేదు.

అక్కడ పదకొండేళ్ళుగా డ్రాయింగులు తనిఖీ చేసే ఇంజనీరమ్మను అందరూ ఎర్రపెన్ను అంటారు. ఎదుట కాదు, వెనక. ఆవిడకూ తెలుసు, పట్టించుకోదు. ఆ గడిలో ఆ మాట ఆవిడ కూడా రాసింది, ఒకసారి కాదు, వందసార్లు. కాబట్టి మొదట్నుంచీ సత్యసంధురాలని చెప్పి నెత్తిన పెట్టుకోనక్కర్లేదు.

మంగళవారం పొద్దున పదింటికి ఒక సైటు నుంచి ఫోన్ వచ్చింది. రాడ్లు వంచి కట్టే మేస్త్రీ.

“అమ్మా, పనిలో ఉన్నారా? చిన్న అనుమానం.”

“చెప్పండి మేస్త్రీ.”

“ఈ బాల్కనీ ఐదడుగులు బయటికొస్తోంది గదా. పై రాడ్డు లోపలికి నాలుగున్నర అడుగులే చూపించారు. ఇన్నేళ్ళలో నేను కట్టినవాటిలో లోపలి కొస ఇంత పొట్టిగా ఎక్కడా లేదమ్మా. రేపు పొద్దున్నే కాంక్రీటు. సైటు ఇంజనీరునడిగితే, కాగితంలో ఉన్నట్టు కట్టు, నీకెందుకన్నాడు. నాకేమో ఊరుకోబుద్ధి కాలేదు.”

ఎర్రపెన్ను డ్రాయింగు తీసి చూసింది. బాల్కనీకి కింద స్తంభం ఉండదు. గోడ మీద నుంచి బయటికి చాచిన పలకలాంటిది, లోపల గట్టిగా నొక్కి పట్టి ఉంచాలి. బయట ఎంతుంటే లోపల రాడ్డు దానికి ఒకటిన్నర రెట్లు ఉండాలని ఆఫీసు లెక్క. ఐదుకి ఏడున్నర. కాగితంలో నాలుగున్నర ఉంది. తనిఖీ చేసినవారు అన్నచోట సంతకం తనదే.

“రేపు కాంక్రీటు పోయనివ్వకండి మేస్త్రీ. ఎవరైనా అడిగితే నా పేరు చెప్పండి.”

ఎలా జరిగిందో తెలుసుకోవడానికి ఎక్కువసేపు పట్టలేదు. ఆ ఆఫీసులో బాల్కనీ ఎవరూ కొత్తగా గీయరు. ఆఫీసు పెట్టిన పెద్దసారు ఎప్పుడో తన చేత్తో గీసిన మూడడుగుల బాల్కనీ ఒకటుంది. దాన్నే తెచ్చి అంకెలు మారుస్తారు. మార్చిన అంకెకు పసుపు రంగు వేస్తారు. తనిఖీ చేసేవాళ్ళు పసుపు అంకెలు చూస్తే చాలు, తక్కిందంతా పాతదే గదా, ఎప్పుడో ఎవరో చూసిందే గదా. బోలెడంత టైము కలిసొస్తుంది. అలా మూడు కాస్తా ఐదయింది, పసుపు పడింది, ఎర్రపెన్ను టిక్కు పెట్టింది. పక్కనున్న నాలుగున్నరను ఎవరూ మార్చలేదు, దానికి రంగు పడలేదు, దాని మొహం చూసినవాళ్ళూ లేరు.

డ్రాఫ్ట్స్‌మన్ కంప్యూటర్లో వెతికి, గొంతు తగ్గించి చెప్పాడు. “అక్కా, ఇదొక్కటే కాదు. ఇదే బాల్కనీ ఐదడుగులు చేసి ఆరు భవనాలకు పంపాం. నాలుగు సగంలో ఉన్నాయి. ఒకటి పూర్తయి రెండేళ్ళయింది. ఐదంతస్తులు. జనం ఉంటున్నారు.”

ఆరింటికీ సంతకం ఆవిడదే.

పెద్దసారు గాజుగదిలో ఉన్నాడు. ఆయన దుర్మార్గుడేం కాదు. విన్న మరుక్షణం కాల్‌క్యులేటర్ తీసి లెక్క వేశాడు.

“ఏడున్నర చేసి సాయంత్రంలోగా పంపించెయ్యి. కారణం ఏం రాయాలో తెలుసుగా.”

“మిగతా ఐదు సార్?”

“వాటి గురించి ఎవరైనా అడిగారా?”

“ఒకదాంట్లో మనుషులు కాపురాలు చేస్తున్నారు.”

“రెండేళ్ళు నిలబడింది, ఇక ముందూ నిలబడుతుంది. లెక్కలో మనం ఎప్పుడూ కాస్త ఎక్కువే వేస్తాంగా. తేనెతుట్టెను కదపకమ్మా.” ఆయన ఒక కాగితం మీద చెయ్యి వేశాడు. “వచ్చే నెల నిన్ను డిప్యూటీని చేస్తున్నాను. పదకొండేళ్ళు ఎదురుచూశావు. చేజేతులా పోగొట్టుకోకు.”

ఆవిడ బయటికి వచ్చి మొగుడికి ఫోన్ చేసింది. ఆయన బస్సు డిపోలో మెకానిక్కు. భోజనాల వేళ, వెనక ఇంజన్ల మోత. అంతా విన్నాడు.

“మా డిపోలో బ్రేకు పోతే చీటీ మీద బ్రేకు పోయిందనే రాస్తాం,” అన్నాడు. “ప్రయాణికుల కోరిక మేరకు బండి ఆగలేదని రాయం.”

ఆవిడకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. “ఉద్యోగం పోతుందేమో,” అంది.

“పోతే పోనీ. బాల్కనీ పడిపోతే అప్పుడు నువ్వు ఇంట్లో ఉండగలవా, నేను నిన్ను చూడగలనా?”

మూడింటికల్లా ఆరు డ్రాయింగులు సరిచేయించి, ఆరు గడుల్లోనూ తన చేత్తో ఒకటే రాసింది: ‘లోపలి రాడ్డు పొడవు తప్పు. పాత డ్రాయింగు నుంచి వచ్చింది. తనిఖీలో నేను పట్టుకోలేదు. ఇదే డ్రాయింగు వాడిన అన్నిచోట్లా చూడాలి.’ కింద సంతకం పెట్టి పెద్దసారు ముందు పరిచింది.

ఆయన చదివి కళ్ళజోడు తీశాడు. “ఇలా రాసుకుంటూ పోతే ఆఫీసుకు తాళం వేసుకోవాలి.”

“సార్, ఇంతకుముందు మెట్ల డ్రాయింగులోనూ ఒకే తప్పు మూడుచోట్ల మూడుసార్లు చేశాం. మొదటిసారే తప్పని రాసుంటే రెండోసారి జరిగేదా? మన బీరువాల్లో తప్పు అన్న మాటే లేదు. అందుకే ప్రతివాడూ అదే గోతిలో కొత్తగా పడుతున్నాడు.”

“నీతులు చెప్పకు. నేను సంతకం పెట్టను.”

“నేను పెట్టాను సార్.”

“వీటితో గుమ్మం దాటితే రేపట్నుంచి రానక్కర్లేదు.”

ఆవిడకు ఒళ్ళు మండిపోయింది. భయం వేయలేదా అంటే వేసింది, కానీ కోపం దానికంటే నాలుగు మెట్లు పైన ఉంది. కాగితాలు చుట్టి చంకన పెట్టుకుంది. హాల్లో పద్దెనిమిది మందీ కుక్కిన పేనుల్లా కూర్చున్నారు. డ్రాఫ్ట్స్‌మన్ ఒక్కడే తలెత్తాడు.

“అక్కా, ఆ పాత బాల్కనీ తీసిపారేయనా?”

“వద్దు. మూడడుగులకు అది సరైనదే. దాని మీద పెద్ద అక్షరాలతో ‘మూడడుగులకు మాత్రమే’ అని రాసి, కింద నీ పేరు పెట్టు.”

“నా పేరా?”

“నీ పేరే. తప్పు చేసినవాడని కాదురా, తప్పు చూసినవాడని.”

వాడు గాజుగది వైపు ఒకసారి చూసి, కీబోర్డు దగ్గరికి లాక్కున్నాడు.

రెండు బస్సులు మారి ఆవిడ ఆ ఐదంతస్తుల భవనం దగ్గర దిగింది. మొదటి అంతస్తులో తలుపు తీసినావిడ తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ నిలబడింది. బాల్కనీలో వాషింగ్ మెషీను, పన్నెండు పూలకుండీలు, బొమ్మల బుట్ట ఉన్నాయి. ఎర్రపెన్ను గుమ్మంలోనే వంగి చూసింది. గోడ వెంబడి, ఈ చివర నుంచి ఆ చివర దాకా, టైల్సు వెంట్రుక వాసి విడివడి ఉన్నాయి.

“ఎవరు పంపారమ్మా మిమ్మల్ని?”

“ఎవరూ పంపలేదండీ. దీని డ్రాయింగు తనిఖీ చేసింది నేనే. సరిగ్గా చూడలేదు. బాగుచేసేదాకా దీని మీదికి ఎవరూ వెళ్ళకండి.”

ఇంటావిడకు విషయం అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. తర్వాత నోరు విప్పింది. “రెండేళ్ళుగా నా మనవరాలు అక్కడే ఆడుకుంటోంది. చదువుకున్నవాళ్ళు, మీ కళ్ళు ఏమయ్యాయమ్మా?” అని కడిగేసింది. ఎర్రపెన్ను ఒక్క మాటకూ ఎదురు చెప్పలేదు. తిట్టడం అయ్యాక ఆవిడే బాల్కనీ తలుపుకు తాళం వేసి, తాళంచెవి జాకెట్లో దోపుకుని, “పైవాళ్ళకు నేనూ చెప్తాను పదండి,” అంది.

మూడో అంతస్తు కూడా చూసి మెట్ల మీదికి వచ్చేసరికి ఫోన్ మోగింది. పెద్దసారు.

“ఎక్కడున్నావు?”

ఆవిడ చెప్పింది, టైల్సు విడిన సంగతి కూడా. తర్వాత ఆయన అడిగిన మాట, గత పదేళ్ళలో ఆయన నోట ఆవిడ వినని ఇంజనీరు మాట.

“బీట పైన ఉందా, కిందా?”

“పైన సార్. గోడ అంచునే. మూడంతస్తుల్లోనూ.”

పైన బీట అంటే లోపలి రాడ్డు పట్టు వదులుతోందని ఇద్దరికీ తెలుసు. “అందరినీ లోపలే ఉండమను. కింద నుంచి ఇనుప జాకీలు పెట్టడానికి మనుషుల్ని పంపిస్తాను. గంటలో వస్తారు.”

“వాళ్ళకిచ్చే కాగితం మీద కారణం ఏం రాస్తారు?”

“అది రేపు చూద్దాం.”

“కుదరదు సార్. రేపటికి మీకు మళ్ళీ ధైర్యం పోతుంది. మిగతా నాలుగు చోట్లకూ ఆ కాగితమే వెళ్ళాలి. చెప్పండి, రాసుకుంటాను.” కాగితాల చుట్ట విప్పి, ఒక డ్రాయింగును గోడకు ఆనించి పెన్ను తీసింది. మొదటి అంతస్తావిడ రెండో కొస పట్టుకుంది.

“తప్పు అని రాయి,” అన్నాడు పెద్దసారు.

“రాశాను. ఎవరిదని?”

పెన్ను కాగితం మీదే ఆనించి ఉంచింది. ఆవిడ ఫోన్ పెట్టెయ్యలేదు, బతిమాలనూ లేదు.

“ఇద్దరిదీ,” అన్నాడు.

ఆవిడ తన పేరు పక్కన ఆయన పేరు రాసి, మెట్లెక్కి నాలుగో అంతస్తు తలుపు కొట్టింది.